బావి గట్టున కంటిపాప

నేను మొదటి ఉద్యోగంలో చేరిన ఊరు కుందుర్పికి పడమరగా ఉండేది. ఉండేది అనడం కూడా ఎక్కువే. ఎండ ముదిరేసరికి ఆ ఊరు కరిగి ఆవిరైపోయి, సాయంకాలం చల్లబడ్డాక మళ్ళీ పేరుకునేదని నా అనుమానం. అరవైలు అప్పుడే మొదలయ్యాయి. వాన మాత్రం యాభైల్లోనే ఆగిపోయింది. బడిలో చిన్న తరగతులకు వర్షం మీద వ్యాసం ఇస్తే, ముసలివాళ్ళ దగ్గర కూర్చుని విని, రాజుల కథ రాసినట్టు రాసుకొచ్చేవాళ్ళు.

ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాణ్ణి నేను. మా ఇంట్లో నాయన మగ్గం ఆగితేనే నాకు మెలకువ వచ్చేది. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఆ ఊళ్ళో పడేస్తే, ఆ నిశ్శబ్దానికి మొదటి వారం చెవులు నొప్పెట్టాయి. ఈగ వాలితే తలుపు కొట్టినట్టుండేది.

పొద్దుపోవడానికి బడిలో ఒక ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. ఎవరో దొర వదిలేసి పోయింది. దాని బరువుకు బల్ల కాళ్ళు జానెడు భూమిలోకి దిగాయి. అట్ట చెదలు తిన్నాయి. 'ఎ' అక్షరం మొత్తం తిని, 'బి' దగ్గర చదువు మానేసినట్టున్నాయి. పాఠం లేనప్పుడు నేను ఏదో ఒక పేజీ తెరిచి మాటల పుట్టుపూర్వోత్తరాలు చదివేవాణ్ణి. అలా ఒకరోజు ప్యూపిల్ అనే మాట దగ్గర ఆగాను.

బడిపిల్లవాడని మాత్రమే నాకు తెలుసు. కంటి మధ్య ఉండే నల్లని చుక్కకు కూడా అదే మాట. లాటిన్‌లో ప్యూపా అంటే ఆడపిల్ల, బొమ్మ. ప్యూపిల్లా అంటే చిట్టి బొమ్మ. ఎదుటివాడి కంట్లోకి దగ్గరగా చూస్తే ఆ నలుపులో మన ఆకారమే వేలెడంత కూడా లేని బొమ్మగా కనబడుతుంది కదా, అందుకని రోమనులు కంటిలోని నలుపును చిట్టిబొమ్మ అన్నారట. తల్లీతండ్రీ లేకుండా ఇంకొకరి సంరక్షణలో పెరిగే పిల్లకూ పిల్లవాడికీ అదే పేరు చెల్లి, తర్వాత పంతులు చేతికింద పెరిగేవాళ్ళకు వచ్చిందట.

చదువుతూ చదువుతూ వేలు పేజీ మీద ఆగిపోయింది. మనం మాత్రం ఏమంటున్నాం? కంటిపాప. ఆ సాయంత్రం సంస్కృతం పంతులుగారిని అడిగితే, కనీనిక అన్నారు. అంటే ఏమిటండీ అంటే, చిన్నపిల్ల అన్నారు. మడకశిర నుంచి గొర్రెలు తోలుకొచ్చే కన్నడం మనిషిని అడిగితే పాపె అన్నాడు. బడికి సున్నం వేయడానికి వచ్చిన సాయిబు, పుత్లీ సార్, బొమ్మ అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, సముద్రాలకు అటొకరూ ఇటొకరూ ఉన్నవాళ్ళు, వీళ్ళంతా ఏ చీకట్లో కూర్చుని కూడబలుక్కున్నారు? మనిషి కంట్లో ఎవరో పిల్ల కాపురముంటోందని అందరికీ ముందే తెలుసా?

ఈ గొప్ప సంగతిని ఆ రాత్రి భోజనం దగ్గర మా ఇంటాయనకు చెప్పాను. నేను అద్దెకున్నది వాళ్ళ ముందు గదిలో, తినేది వాళ్ళ వంటింట్లో. ఆయన, ఆయన భార్య, ఆయన తల్లి. ముగ్గురే మనుషులు. నేను ఆయనను అన్నా అనీ, ఆమెను అక్కా అనీ పిలిచేవాణ్ణి. ముసలామె ఊరందరికీ అవ్వే. ఇంటాయన నేను చెప్పిందంతా విని, సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని, "దీనికి అంత లావు బుక్కు ఏంటికి సారూ? మాయమ్మను అడిగుంటే చెప్పేది గదా. దినామూ చూసేదే గదా ఆమె" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు ఆ ఇంటి ఆచారం.

ఇంటాయనకు ఊరి బయట చేను ఉంది. చేలో ఎండిన బావి. ఆ బావిని ఇంకా లోతు తవ్విస్తున్నాడు. ఇంట్లో ఎద్దులు పోయాయి, అక్క మెడలోవి పోయాయి, అన్నీ ఆ బావే మింగింది. లోతు ఎంతంటారా? పొద్దున గంప వదిలితే మధ్యాహ్నానికి అడుగు తాకేదని కూలీలు చెప్పుకునేవాళ్ళు. నేను కొంచెం తగ్గించి చెబుతున్నాను. అడుగున బండ తేమ పట్టింది. "రాయికి చెమట పోసింది సారూ, ఇంక నీళ్లే" అని ఆయన రోజూ అనేవాడు.

ఆ తట్టు బావి పనిలో ఒక కట్టడి ఉంది. ప్రతి పొద్దూ చేనుగలాయన ముందు దిగాలి. ఆయన దిగి అడుగు బండను ముట్టుకున్నాకే కూలీలు దిగుతారు. ఆయన దిగేముందు ఇంటి పెద్దామె ఆయన కంట్లో పాప ఉందా లేదా చూడాలి. గట్టు మీద ఒక చదునురాయి వేసి ఉంటుంది. చూసేవాళ్ళు దానిమీద నిలబడాలి. దిగేవాడు మోకు అనే లావు తాడు దగ్గర, బావికి ఆనుకుని నిలబడాలి. కంట్లో పాప కనబడితే దిగొచ్చు. కనబడకపోతే ఆ మనిషిని అప్పటికే ఎవరో తీసుకుపోవడం మొదలుపెట్టారని లెక్క. పాప ముందు పోతుంది, మనిషి వెనక పోతాడు.

"మా నాయన దిగిన పొద్దు మాయమ్మకు జరం. చూడలేదు" అన్నాడు ఇంటాయన. ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు. అవ్వ అక్కడే కూర్చుని గిన్నె తుడుస్తోంది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

నేను తమాషా చూద్దామని ఒకటి రెండు పొద్దులు చేనుకు వెళ్ళాను. తూర్పు గట్టు మీద మట్టికుప్ప. తవ్విన మట్టీ రాళ్ళూ దూరం మోయడానికి ఒళ్ళు బరువై కూలీలు అక్కడే పోసేవాళ్ళు. అది పెరిగి పెరిగి కొండంత అయింది. దాని కొనమీద ఎక్కితే బెంగళూరు కనబడుతుందని మేస్త్రి నాతో ప్రమాణం చేశాడు. అవ్వ చదునురాయి మీద నిలబడి, కొడుకు గడ్డం పట్టుకుని, తన ముఖాన్ని ఆయన ముఖానికి బెత్తెడు దూరంలో పెట్టి చూసేది. కూలీలు ఊపిరి బిగబట్టేవాళ్ళు. "ఉండాది, పో" అనేది. అప్పుడు గాలి మళ్ళీ వీచేది.

కొన్నాళ్ళుగా అవ్వ ఎక్కువసేపు చూస్తోందని ఎవరూ పట్టించుకోలేదు. ఒక పొద్దు మరీ ఎక్కువసేపు చూసింది.

"ఏమ్మా, నా కంట్లో సంగటికుండ ఏమన్నా కనబడెనా?" అన్నాడు ఇంటాయన నవ్వుతూ.

అవ్వ నవ్వలేదు. ఒక కన్ను చూసింది. రెండో కన్ను చూసింది. గడ్డం వదిలేసింది.

"లేదురా."

"ఏం లేదు?"

"పాప లేదు. దిగొద్దు."

మేస్త్రి మోకు చుట్టేశాడు. "పదండప్పా, ఈ పొద్దు పని లేదు" అని కూలీలను తోలుకుని పోయాడు. పోయేటప్పుడు వాళ్ళలో ఒక్కరు కూడా ఇంటాయన వైపు చూడలేదు. నేను అది గమనించి, చూడకపోవడం ఎందుకో అర్థమై, నేనూ చూపు తిప్పుకున్నాను.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ వీపు మీద చల్లగా ఏదో పాకుతుంది. ఊరు ఆయనను వెలివేయలేదు. పిలిచారు, పలికారు, బీడీ ఇచ్చారు. కళ్ళల్లోకి మాత్రం ఎవరూ చూడలేదు. చూస్తే, చూసినవాళ్ళకు కూడా పాప కనబడకపోతే? అది తమ నోటితో చెప్పాల్సి వస్తే? అందుకని ఊరంతా ఆయన భుజంతో మాట్లాడింది. క్షవరం చేసేవాడు చెవిని చూస్తూ గడ్డం గీశాడు. ఆ గీకుడులో ఎడమ మీసం సగం పోయింది. ఇంకొకప్పుడైతే ఊరు నెలరోజులు నవ్వేది. అప్పుడు నవ్వడానికి కూడా ముఖం చూడాలి కదా. ఎవరూ నవ్వలేదు. ఇంట్లో కుక్క సైతం ఆయన వస్తే లేచి, గోడవైపు తిరిగి పడుకునేది. అది కుక్కకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

అక్క అన్నం పెట్టేటప్పుడు కంచాన్ని చూసేది. నేను తినేటప్పుడు చెంబును చూసేవాణ్ణి. ఆ చెంబు మీద ఎన్ని సొట్టలున్నాయో, ఏది ఏ ఊరి ఆకారంలో ఉందో ఇప్పుడు కూడా బొమ్మ గీసి చూపగలను. నలుగురం ఒక గదిలో కూర్చుని, ఒకరు లేనట్టు తినేవాళ్ళం. ఆ ఒకరే అందరికంటే గట్టిగా నమిలేవాడు, తను ఉన్నానని చెప్పడానికేమో.

ఒక మధ్యాహ్నం ఆయన నా గది గడపలో కూర్చున్నాడు. చేతిలో చిన్న అద్దం.

"సారూ, నేను చూసుకుంటి. కనబడతాండాది."

"మరింకేంది అన్నా!"

"నాకు నేను కనబడితే ఏం లాభం? ఇంగొకరు చూడల్ల గదా." అద్దం బోర్లా పెట్టాడు. "బతికుండేది నాకొక్కనికే తెలిస్తే సాలదు సారూ."

నేను గోడమీద బల్లిని చూస్తూ తలూపాను. బల్లి నన్ను చూసింది.

పని ఆగిన ఆ రోజుల్లోనే బావి మాట్లాడడం మొదలుపెట్టింది. నేను అతిశయోక్తులకు అలవాటుపడిన మనిషినే కానీ, ఇది ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మిట్టమధ్యాహ్నం, గాలి చచ్చిపోయినప్పుడు, చేను గట్టున నిలబడితే బావిలోంచి సన్నగా గుసగుస వినిపించేది. ఎవరో పళ్ళ సందున మాట్లాడినట్టు. ఆగేది. మళ్ళీ మొదలయ్యేది. గొర్రెలు ఆ చుట్టుపక్కల మేయడం మానేశాయి. అక్క ఒకసారి విని, పరుగున ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, "బాయి ఆయప్పను పిలుస్తాండాది సారూ" అంది. నేను లాటిన్ తెలిసినవాణ్ణి కదా, అంతా భ్రమ అక్కా అన్నాను. అని, ఆ తర్వాత ఆ దారిన బడికి వెళ్ళడం మానేసి, ఊరంతా చుట్టి వెళ్ళాను.

చివరికి ఇంటాయనకు విసుగొచ్చింది. "రేపు నేను దిగతా. గడ్డపార, సమ్మెట, అన్నీ అడుగునే ఉండాయి. నీళ్లు జానెడు దూరంలో పెట్టుకుని ఎన్నాళ్లని ఇట్ల ఇంట్లో పీనిగ మాదిరి కూచునేది? పాప ఉన్నా దిగతా, లేకున్నా దిగతా" అన్నాడు.

ఆ రాత్రి అక్క నా గది దగ్గరికొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సారూ, నువ్వు చదువుకున్నోడివి. రేపు పొద్దున నువ్వన్నా చూడు. ఉండాదంటే అత్త కండ్లు మసకబారినాయనుకుంటా. లేదంటే నేను మోకు కోసి పారేస్తా, ఆయప్ప నన్ను చంపినా సరే" అంది.

నాకు ధైర్యం వచ్చింది. ఇందులో భయపడడానికి ఏముంది? కంట్లో కనబడేది ఎవరి ప్రాణమూ కాదు, చూసేవాడి నీడ. నేను చూస్తే నేనే కనబడతాను. రోమనులకు తెలిసిన సంగతి. మరుసటి పొద్దు నిఘంటువంత ఛాతీ విరుచుకుని చేనుకు నడిచాను.

చదునురాయి మీద నిలబడ్డాను. ఇంటాయన మోకు దగ్గర, కుప్పకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఇన్నాళ్ళకు ఒక మనిషి తన ముఖంలోకి చూడబోతున్నాడని కాబోలు, ఆయన మిగిలిన సగం మీసం సవరించుకున్నాడు. గడ్డం పట్టుకున్నాను. చూశాను.

లేదు.

నలుపు ఉంది. నున్నగా, తడిగా, అంతులేకుండా ఉంది. అందులో నేను లేను. రెండో కన్ను చూశాను. అందులోనూ లేను. రెప్ప కొట్టాను, ముఖం ఇటూ అటూ తిప్పాను, నాలుక కూడా చాచానేమో గుర్తులేదు. ఏమీ కదల్లేదు. లాటిన్, కన్నడం, ఉర్దూ అన్నీ ఒక్కసారిగా నన్ను వదిలి పారిపోయాయి. పక్కనున్న బావిలోంచి అదే గుసగుస. పోయినది ఆయన ప్రాణమా, నేనా, ఎవరం లేనిది ఇక్కడ అనిపించింది. నా తలమీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. వాటిలో సగం ఆ రోజే తిరిగి పడుకోకుండా రాలిపోయాయని మా ఇంట్లో చెబుతుంటాను.

"ఏం సారూ?" అన్నాడాయన.

వెనక్కి ఒక అడుగు వేశాను, ఇంకో అడుగు వేశాను. అప్పుడు కాళ్ళకు వెచ్చగా తగిలింది. వంగి చూశాను. నా కాళ్ళు ఎండలో ఉన్నాయి. ఇంతసేపూ చదునురాయి మీద అవి చల్లగా ఉన్నాయి. తలెత్తితే ఎదురుగా మట్టికుప్ప, దాని వెనక పొద్దు. కుప్ప నీడ చదునురాయిని పూర్తిగా మింగేసింది. చూసేవాడి ముఖం మీద వెలుతురే లేకపోతే కంట్లో బొమ్మ ఎక్కడినుంచి పడుతుంది!

"అన్నా, రా ఇట్ల!" అని ఆయనను చెయ్యి పట్టుకుని ఎండలోకి లాగాను. చూశాను. ఉన్నాను! చొక్కాకు పైగుండీ లేని సంగతితో సహా ఉన్నాను. నేను పెట్టిన కేకకు గొర్రెలు మడకశిర దాకా పరిగెత్తి ఉండాలి. అక్క ఏడుస్తూ కూలబడింది. ఇంటాయన మోకు చేతికి తీసుకున్నాడు.

అవ్వను పిలిచి ఎండలో నిలబెట్టి చూపించాను. నీడ సంగతి, కుప్ప సంగతి, వెలుతురు సంగతి పాఠం చెప్పినట్టు చెప్పాను. అవ్వ అంతా వింది. కొడుకు కంట్లోకి చూసింది.

"ఉండాది" అంది.

"చూసినావా అవ్వా!"

"ఈడ ఉండాది. ఆడ లేదు." బావి వైపు వేలు చూపింది. "వాడు దిగేది ఈడ గాదు గదప్పా, ఆడ."

నేను మళ్ళీ మొదటినుంచి చెప్పబోయాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ కుప్ప మింగిందంటివి గదా. మింగిందాన్ని తీసెయ్యండి. అప్పుడు ఆడ నిలబడి చూస్తా."

"కుప్ప తీసేదానికి ఎన్ని దినాలు పడతాదమ్మా!" అని ఇంటాయన నెత్తి కొట్టుకున్నాడు. కానీ అక్క మోకు ఆయన చేతిలోంచి లాక్కుని నడుముకు చుట్టేసుకుంది. ఆ మోకు విప్పాలంటే ఆమెను బావి చుట్టూ తిప్పాలి. ఇంటాయన మేస్త్రికి కబురు పంపాడు.

కూలీలు వచ్చారు. తాము పోసిన మట్టిని తామే దూరం మోయాలంటే ఎవరికి మాత్రం ఇష్టం? "సారు బుక్కులో పాపకు ఎండ తగలల్లని రాసిండాదంట" అని ఒకడు, "మనకు తగిలే ఎండ ఆ బుక్కుకు సాలలేదా ఏంది?" అని ఇంకొకడు. గంపలకొద్దీ మోశారు. కుప్ప నెత్తిమీద కొంచెం గీరినట్టు మాత్రం అయింది. పొద్దు నడినెత్తికి వచ్చాక అందరం సంగటికి వేపచెట్టు కిందికి పోయాం. ఇంటాయన మాత్రం రానన్నాడు. చేతిలో కొత్త తాడు ఒకటి పట్టుకుని బావి దగ్గరే తచ్చాడుతున్నాడు. సమ్మెటా గడ్డపారా పైకి తెచ్చుకుంటానని గొణిగాడు.

గుసగుస మొదలైంది. ఈసారి చెట్టు కింద ఉన్న మా అందరికీ వినిపించింది. మేస్త్రి చేతిలో ముద్ద ఆగింది. గుసగుస పెరిగింది. పెరిగి ఆగలేదు. భూమి గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు వచ్చి, నేను కూర్చున్న రాయి నా కింద కదిలింది. చూస్తుండగానే కుప్ప కుంగిపోయింది. పక్కకు పడలేదు. నిలబడినట్టే, నిదానంగా, మెట్లు దిగే మనిషిలా లోపలికి దిగిపోయింది. తూర్పు గట్టు దాంతోపాటే పోయింది. మోకు కట్టే దుంగ పోయింది. ఎర్రటి దుమ్ము లేచి పొద్దును మూసేసింది.

అన్నాళ్ళూ బావి పిలిచింది ఎవరినీ కాదు. కుప్ప బరువుకు లోపలి గోడనుంచి ఇసుక రాలుతోంది. అది నాకు తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం ఒకటే తట్టింది. ఇంటాయన ఎక్కడ?

అక్క నడుముకు మోకుతోనే దుమ్ములోకి పరిగెత్తింది. మేం వెనక పరిగెత్తాం. ఏమీ కనబడదు. ఆమె అరుపు మాత్రం అటూ ఇటూ తిరుగుతోంది. మేస్త్రి నన్ను పట్టుకుని ఆపాడు, గట్టు ఎక్కడ ముగుస్తుందో తెలియదని. దుమ్ములో నిలబడి మేం పిలిచాం. బావి పలకలేదు. దాని గొంతునిండా మట్టి.

అప్పుడు చేను అవతలి గట్టున ఉన్న కంచె వెనకనుంచి ఒక మనిషి లేచాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి. సగం మీసం. ఒక చేత్తో పంచె పట్టుకుని ఉన్నాడు.

"ఒంటికి పోయింటి" అన్నాడు. "అయ్యేలోపలే ఈ శబ్దం. ఏమాయ?"

అక్క వెళ్ళి ఆయన ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. కొడుతుందనుకున్నాం. కొట్టలేదు. చూసింది. కన్నార్పకుండా, అందరి ముందర, ఒకదాని తర్వాత ఒక కంట్లోకి చూసింది. ఆయన చేతిలోని తాడు జారిపోయింది. తాడు ఒక కొసకు అప్పటికే నడుముకు తగిలించుకునే ముడి వేసి ఉంది.

"ఏముందే?" అన్నాడు.

"నేనుండా" అంది.

ఎద్దులూ బంగారమూ పోసి తవ్విన బావి మాత్రం పూడిపోయింది. మరుసటి ఏడు ఆయన తాడిపత్రి పోయి రాళ్ళ పనిలో చేరాడు. అప్పటికి ఊరంతా అవ్వ ఇంటిముందు చేరడం మొదలుపెట్టింది. ప్రయాణం పోయేవాడు, పెళ్ళి చూపులకు పోయేవాడు, పంటినొప్పివాడు, ఎవరైనా సరే ముందు అవ్వకు కళ్ళు చూపించుకుని పోయేవాళ్ళు. క్షవరం చేసేవాడు రోజూ వచ్చేవాడు. బహుశా ఆ మీసం భయం.

నాకు బదిలీ అయిన రోజు నా పెట్టె పట్టుకుని ఇంట్లోంచి బయటికొచ్చాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. అంతకుముందు ఎన్ని నెలలుగానో ఆమె ముందు నిలబడినప్పుడల్లా నేను ఆమె చెవులకున్న కమ్మలనే చూసేవాణ్ణి. ఆమెకు అది తెలుసు.

"ఏమప్పా సారూ, దూరం పోతాండావు. చూడమంటావా?"

నీడ సంగతి తెలిసినవాణ్ణి. వెలుతురు సంగతి ఆమెకే పాఠం చెప్పినవాణ్ణి. అరుగు మీద ఎండ బాగానే ఉంది.

"వద్దవ్వా, బస్సుకు టైమైంది" అన్నాను, కమ్మలకేసి చూస్తూ.

ఆ ఊరికి ఉన్న ఒక్క బస్సూ పొద్దున్నే పోయింది. ఆ సంగతి అవ్వకూ తెలుసు.